నిండిన పర్ర

మా పర్ర గురించి ఎవరు రాసినా కొబ్బరిచెట్ల నీడతోనో, నీళ్ళ మీద వాలిన కొంగల బారుతోనో మొదలుపెడతారు. నేను కోడిపేగులతో మొదలుపెడతాను. పని మీద మొదటిసారి అందులోకి దిగిన రోజున నా మోకాళ్ళకు చుట్టుకున్నవి అవే.

పర్ర అంటే సముద్రం వైపున వరి పండని పల్లపు ఉప్పునేల. వానాకాలంలో నిండుతుంది, చలికాలంలో తగ్గుతుంది, ఎండాకాలంలో అడుగు బీటలు తీసి పెంకులు లేస్తుంది. మా ఊరి పర్రకు ఒక పక్క మురుగుకోడు, మరో పక్క కాలువ నీళ్ళు తెచ్చే చివరి బోదె ఉన్నాయి. రెండింటికీ తూములు, తూములకు ఇనప షట్టర్లు. ఆ షట్టర్ల చక్రం తిప్పే లస్కరును నేను. కాలువల మీద అంతకంటే చిన్న ఉద్యోగం లేదు.

చేపల చెరువులకు మేతగా డ్రమ్ముల్లో తెచ్చే కోళ్ళ వ్యర్థాల్లో మిగిలింది పర్రలో పారబోసేవారు. పెళ్ళిళ్ళలో వాడిన థర్మోకోల్ ప్లేట్లు, పిల్లల డైపర్లు, కాలం చెల్లిన మందు సీసాలు కూడా అక్కడికే వచ్చేవి. పైన గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉండేది కాబట్టి కిందేముందో కనిపించేది కాదు. ఇంటి ముందు కళ్ళాపి చల్లి చక్కగా ముగ్గు వేసుకుని, ఊడ్చిందంతా సంచిలో కట్టి పర్రలోకి విసిరే ఊరు మాది. గట్టు మీద నడిచేటప్పుడు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునేవాళ్ళం. ఆ కంపు మనమే చేశామన్న ఆలోచన తువ్వాలు దాటి ఎవరి లోపలికీ వెళ్ళేది కాదు.

నేను పదో తరగతితో ఆగిపోయాను. మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా సాయంత్రం షట్టరు పని అయ్యాక అక్కడికి వెళ్ళడం నాకు అలవాటు. పేపర్లు చదివే పెన్షనర్లు వెళ్ళిపోయాక ఫ్యాను కింద బల్ల నాదే. ఒక్కో బీరువా ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ వచ్చాను. మూడో బీరువాలో అట్ట ఊడిన పక్షుల పుస్తకం ఒకటి దొరికింది. తెలియని ఇంగ్లీషు మాటలకు నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక చలికాలమంతా దాన్ని చదివాను. అందులో ఒక సంగతి మూడుసార్లు చదివితే గానీ నమ్మలేదు. ఇలాంటి నేలకు నీళ్ళెంత అవసరమో, నీళ్ళు లేని కాలమూ అంతే అవసరమట. అడుగు ఎండి గాలి తగిలితేనే కుళ్ళు మట్టిగా మారుతుంది, గడ్డిగింజలు మొలుస్తాయి, మళ్ళీ వానకు పురుగూ నత్తా పుడతాయి. నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ ఆ అంచున బురదపిట్టలు మేస్తాయి. చివరికి ఎండిన అడుగే కొన్ని పిట్టలకు గూడు.

గోదావరి నీళ్ళ మీద బతికేవాణ్ణి. మా దగ్గర నిండుగా ఉండడమే శుభం. కుండ, గాదె, కాలువ, చెరువు, ఏదైనా నిండుగా కనిపించాలి. ఎండిన అడుగు కనిపిస్తే ఇంటి పరువు పోయినట్టు. అటువంటి ఊళ్ళో ఎండబెట్టడం కూడా ఒక సేద్యమేనని నాకు నేనే నేర్చుకున్నానని గర్వపడ్డాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. అది నన్ను దేని నుంచీ కాపాడలేదు, అంతే.

అదే గ్రంథాలయంలో మాస్టారు పరిచయమయ్యారు. సైన్సు చెప్పి రిటైరైన మనిషి, ఆదివారం చర్చి నుంచి నేరుగా గ్రంథాలయానికి వచ్చేవారు. నా చేతిలో పుస్తకం చూసి ఒకరోజు పక్కన కూర్చున్నారు.

“మా అమ్మ ఆ పర్రలో నత్తలు ఏరి మమ్మల్ని పెంచిందండి. నత్తగుల్ల కొంగలూ మా అమ్మా పక్కపక్కనే ఏరుకునేవోరు. ఆవిడకి కొంగలంటే కోపం. ముందొచ్చి మంచివన్నీ అవే తినేసేవంట.”

“ఇప్పుడు నత్తల్లేవండి.”

“కొంగలూ లేవు. అమ్మా లేదు. కోడిపేగులున్నాయి,” అన్నారు.

అలా మొదలైంది. మాస్టారు అర్జీలు రాశారు. ఉపాధి హామీ పనిలో పర్ర బాగుచేయడం చేర్పించారు. పనివాళ్ళ మేటు ఒక నడివయసు మనిషి. నన్ను అన్నగారూ అనేది, కానీ ఆ పిలుపులో గౌరవం కంటే వెటకారం పాలు ఎక్కువ. రెండు వేసవులు ఆమె మనుషులు గుర్రపుడెక్క లాగారు, తూటికాడ వేళ్ళతో పీకారు, సంచులు ఏరారు. ఒక సంచి తెరిచి చూసి ఆమె గట్టు మీద వాంతి చేసుకోవడం నేను చూశాను. నోరు తుడుచుకుని, “అన్నగారూ, ఇందులో ఏం పిట్టలొస్తాయని మీ పుస్తకంలో ఉందండీ? గద్దలేనా?” అంది.

అన్నీ వస్తాయన్నాను. నీళ్ళ లోతు కొలవడానికి ఒక సరుగుడు కర్ర పాతి రంగుతో గీతలు గీశాను. అడుగులూ అంగుళాలూ కాదు, పిట్టల కాళ్ళు. అన్నిటికంటే కింద పొట్టికాళ్ళ ఉల్లంకి పిట్ట గీత, దానిపైన తీతువు గీత, ఆపైన కొంగ గీత, అన్నిటికంటే పైన బాతు గీత. ఏ నెలలో నీళ్ళు ఏ గీత దగ్గరుండాలో నోటుబుక్కులో రాసుకున్నాం. కార్తీకంలో బాతు గీత, సంక్రాంతికి కొంగ గీత, శివరాత్రికి ఉల్లంకి గీత, ఉగాది దాటాక అసలు నీళ్ళుండకూడదు. మురుగుకోడు షట్టరు రోజుకింత, రోజుకింత ఎత్తి నీళ్ళు వదిలేవాణ్ణి. ఆ చలికాలం ఉత్తరం నుంచి బాతులు వచ్చాయి. నీళ్ళు తగ్గేకొద్దీ పొడుగు ముక్కుల పిట్టలు బురదను కుట్టుమిషను సూదిలా పొడుచుకుంటూ అంచు వెంట నడిచాయి. నత్తగుల్ల కొంగలను చూసి మాస్టారు తలపాగా తీసి నవ్వారు. “మా అమ్మకి చెప్పాలండి, మళ్ళీ వచ్చేరని.”

ఏప్రిల్లో అడుగు బీటలు తీసింది. అప్పుడు తీతువులు, పొడుగుకాళ్ళ పిట్టలు నేల మీదే గుడ్లు పెట్టాయి. గూడంటే గూడు కాదు, గేదె గిట్ట లోతున చిన్న గుంట, చుట్టూ నాలుగు మట్టి పెళ్ళలు. గుడ్డు మట్టిరంగులోనే మచ్చలు మచ్చలుగా ఉంటుంది. అడుగు దూరంలో నిలబడినా కనపడదు. మేటూ నేనూ మోకాళ్ళ మీద పాకి పదిహేడు గూళ్ళు కనిపెట్టాం. ఒక్కోదానికి రెండు బారల దూరంలో కొబ్బరి ఈనె గుచ్చాం, గేదెలు తొక్కకుండా మళ్ళించడానికి.

సరిగ్గా అప్పుడే మాస్టారు కంటి ఆపరేషనుకు కాకినాడ వెళ్ళారు. వెళ్ళే ముందు నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. “పిల్లలు లేచి నడిచేదాకా చుక్క నీరు రాకూడదు బాబూ. షట్టరు మీ చేతిలో ఉంది. అందుకే ధైర్యంగా వెళ్తున్నాను.” నాకు కావలసింది ఇంకేముంది? ఇరవై రెండేళ్ళు చదివింది ఆ ఒక్కమాట అనిపించుకోవడానికే అనిపించింది.

మూడోరోజు పంచాయతీ ప్రెసిడెంటు గారు కబురు పెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన చెడ్డమనిషైతే ఇది రాయడం నాకు తేలికయ్యేది. ఆయన ఇంటి వరండాలో నలుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. నాకు కుర్చీ వేయించారు, బొండాం కొట్టించి చేతికిచ్చారు.

“తాగండి లస్కరు గారూ, ఎండన పడి వచ్చేరు. శుక్రవారం పెద్దాఫీసరు గారొస్తున్నారండి. మన పర్ర ఫొటోలు ఎక్కడో చూసేరంట. నచ్చితే ఆర్చీ, నడకదారీ, బల్లలూ అన్నీ శాంక్షనంట.”

“ఆయ్, మంచిదేనండి.”

“మంచిదే గానీ, పొద్దున్న చూసొచ్చేనండి. అంతా బీటలే! నీళ్ళేవండీ?”

“ఇది ఎండాల్సిన కాలమండి. ఇప్పుడు పిట్టలు నేల మీద గుడ్లు పెట్టి ఉన్నాయండి.”

“నాకేం కనపళ్ళేదండీ?”

“కనపడకుండానే పెడతాయండి. కాకులు ఎత్తుకుపోకుండా.”

“మరి కనపడని గుడ్లు ఆఫీసరు గారికి ఏం చూపిస్తామండీ?” అన్నారాయన. అందరూ నవ్వారు. వెటకారంగా కూడా కాదు, ఇంట్లో మనిషిని చూసి నవ్వినట్టు. “ఇంటికొచ్చిన చుట్టానికి అడుగంటిన కుండ చూపిస్తామేటండీ? ఇంకా వేసవికి కాలువ కట్టెయ్యలేదు, బోదెలో నీళ్ళున్నాయి. రేపు షట్టరెత్తి నిండా పెట్టించండి. మూడ్రోజులు. తరవాత మీ ఇష్టం, ఎండబెట్టుకోండి, కావాలంటే వడియాలు పెట్టుకోండి.”

మళ్ళీ నవ్వులు. “మీరు చదువుకున్నోరండి, మీకు మేం చెప్పేదేటి,” అన్నారు ఒక పెద్దాయన.

నా దగ్గర జవాబుంది. ఏ పుస్తకం, ఏ పేజీ అన్నది కూడా చెప్పగలను. కానీ చేతిలో వారిచ్చిన బొండాం ఉంది. మా దగ్గర మనిషికి కుర్చీ వేసి, గారు తగిలించి, తాగడానికిచ్చి అడిగితే కాదనే మాట నోట్లో తయారు కాదు. తిట్టి అడిగి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణేమో. మర్యాదగా అడిగారు. నేను మర్యాదగా, “ఆయ్,” అన్నాను. బొండాం చివరిదాకా తాగాను. తియ్యగా ఉంది.

మర్నాడు పొద్దున్న బోదె షట్టరు చక్రం మీద చేయి వేసేసరికి మేటు గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది.

“ఏటండీ అన్నగారూ, ఎత్తుతున్నారు?”

“మూడు రోజులేనమ్మా. ఆఫీసరు గారొస్తున్నారు.”

“మాస్టారికి చెప్పేరా?”

“ఆయన కళ్ళకి కట్టుతో ఉన్నారు కదమ్మా.”

“చెవులికి కూడా కట్టేరేటండీ?”

నేను చక్రం తిప్పాను. ఎవరూ నా చేయి పట్టుకుని తిప్పించలేదు.

నీళ్ళు ముందు బీటల్లోకి చప్పుడు లేకుండా వెళ్ళాయి. కాసేపు ఏమీ జరగడం లేదనిపించింది. తరువాత పెంకులు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. తీతువులు లేచి నెత్తి మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టాయి. ఆ అరుపు విన్నవాళ్ళు ఎవరింట్లోనో చావని చెప్పుకుంటారు మా ఊళ్ళో. ఆ రోజు ఎవరింట్లోనో కాదు, వాటింట్లోనే. మేటు చీర ఎగ్గట్టి దిగింది, దొరికిన గుడ్లు కొంగులో వేసుకుంటోంది. నేను గట్టు మీంచి, “తీసి ఇంకోచోట పెడితే అవి పొదగవమ్మా, పుస్తకంలో…” అన్నాను.

“పుస్తకం ముయ్యండి అన్నగారూ,” అంది. తలెత్తి కూడా చూడలేదు.

మధ్యాహ్నానికి ఉల్లంకి గీత మునిగింది. సాయంత్రానికి తీతువు గీత, మర్నాటికి కొంగ గీత. శుక్రవారం పొద్దున్నకు బాతు గీత కూడా నీళ్ళ కింద ఉంది. పైన ఒక జానెడు ఉత్త కర్ర మిగిలింది. నీళ్ళు అద్దంలా, నిండుగా, ఎంతో అందంగా ఉన్నాయి. ఒక్క పిట్ట లేదు.

పిట్టలు లేవని ప్రెసిడెంటు గారికీ తెలుసు. అందుకే కోతలైపోయిన చేలల్లో బాతులు మేపుకునే ఒకతన్ని మందతో సహా పిలిపించారు. ఆఫీసరు గారి కారు ఆగేసరికి రెండు వందల పెంపుడు బాతులు పర్రలోకి దిగి గోలగోలగా అరుస్తూ ఈదుతున్నాయి. ఈనెలన్నీ మునిగిపోయిన చోట, సరిగ్గా ఆ గూళ్ళ మీదుగా. కొన్ని తలకిందులుగా మునిగి అడుగున వెతుక్కుంటున్నాయి. అవేం తింటున్నాయో గట్టు మీద ఉన్నవాళ్ళలో మేటుకూ నాకూ మాత్రమే తెలుసు.

“బ్యూటిఫుల్,” అన్నారు ఆఫీసరు గారు. “ఎక్కణ్ణుంచి వలస వచ్చాయండీ ఇవి?”

ఎవరూ మాట్లాడకముందే బాతులతను చేతులు కట్టుకుని, “ద్రాక్షారామం అవతల్నుంచండి, ఆయ్,” అన్నాడు.

ముందు ప్రెసిడెంటు గారు నవ్వారు, పెద్దలు నవ్వారు, ఆఫీసరు గారూ నవ్వారు. నాకు అన్నిటికంటే రోత పుట్టింది ఆ నవ్వుకే. ఎవరూ మోసపోలేదు. అవి ఊరబాతులని ఆయనకూ తెలుసు, ఆయనకు తెలుసని వీరికీ తెలుసు. అందరూ తెలిసే ఫొటోకు నిలబడ్డారు. తరువాత పక్షిప్రేమికుడని నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పారు. ఏప్రిల్ ఎండలో ఊలు శాలువా. నేను మెడ వంచాను. చేతులు కూడా జోడించాను. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను, వెనకాల బాతులున్నాయి.

కార్లు వెళ్ళిపోయాక మురుగుకోడు తూము వైపు నడిచాను. గాలికి నీటి మీద చెత్తంతా ఆ మూలకు చేరుతుంది. నురగ, కొబ్బరిపీచు, కోడి ఈకలు, వాటి మధ్య గుడ్లు. కొన్నే ఉన్నాయి. మేటు ఏరినవి పోగా మిగతావి అడుగున ఉన్నాయన్నమాట. కోడిగుడ్డు తాజాదో కాదో నీళ్ళలో వేసి చూడడం ఏ ఇంటి ఇల్లాలికైనా తెలుసు. పుస్తకంలో దానికి ఇంకో సంగతి రాసి ఉంది. కొత్తగా పెట్టిన గుడ్డు మునుగుతుంది. లోపల పిల్ల పెరిగేకొద్దీ గాలి గది పెద్దదై, పొదిగే రోజు దగ్గరపడిన గుడ్డు తేలుతుంది. పిట్టల గుడ్ల వయసు అలా కనిపెడతారట. ఎంత బాగుందో అనుకుని దాన్ని ఎర్రసిరాతో రాసుకున్నాను.

తేలినవి తొమ్మిది. ఇంకో రెండు మూడు రోజుల్లో బయటికి వచ్చేవి. అదే, ఆఫీసరు గారు చూసి వెళ్ళిపోవడానికి పట్టే మూడు రోజులు.

మూడు రోజులన్న నీళ్ళు జూన్ దాకా కదలలేదు. ఆర్చి పునాదికి తవ్విన మట్టి తెచ్చి మురుగుకోడు తూము నోట్లో పోశారు. షట్టరు ఎత్తినా నీరు వెళ్ళే దారి లేదు. ఎండకు నీళ్ళు పచ్చబడి, తరువాత నల్లబడి, చేపలు తెల్లగా పొట్టలు తేల్చాయి. మళ్ళీ అందరం ముక్కులకు తువ్వాళ్ళు అడ్డం పెట్టుకున్నాం. ఆ కంపులోనే ఆర్చి లేచింది. దాని మీద సిమెంటు హంసలు రెండు, మెడలు వంచి. కోనసీమలో హంసను చూసినవాడు పుట్టలేదు. తీతువును బొమ్మ చేయండని ఎవరూ అడగలేదు, అది అపశకునం కదా.

మాస్టారు నల్లద్దాలతో తిరిగి వచ్చారు. ఎదురెళ్ళి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఈలోపు మేటు చెప్పేసిందని తరువాత తెలిసింది. ఆయన గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

“ఎవరెత్తేరు బాబూ?”

“ప్రెసిడెంటు గారు చెప్పారండి…”

“చెప్పిందెవరని అడగలేదండి.”

“నేనేనండి.”

“మా నాన్న వారింటి వరండా ముందు నిలబడి ఆయ్ అనేవోడండి,” అన్నారు. “ఆయనకి కుర్చీ వెయ్యలేదు. ఆయనకి వేరే దారి లేదు. మీకు కుర్చీ వేసేరు కదండీ.”

నోటుబుక్కు తిరిగి అడగలేదు. నేనే ఆ వారం ఖాళీగా వదిలేసిన పేజీ తీసి, నీళ్ళు ఏ రోజు ఏ గీత దాటాయో, తేలిన గుడ్లెన్నో, షట్టరెత్తింది ఎవరో రాశాను. శాలువా మా ఆవిడ బియ్యం డబ్బా మీద కప్పితే తీయించి, బోదె తూము షట్టరు సందుల్లోంచి పర్రలోకి నీరు కారకుండా కుక్కాను. ఊలు మంచిది, నీరు బాగానే ఆపుతోంది.

ఆ చలికాలం పర్రలో గడ్డి లేదు, నత్తలు లేవు. ఉత్తరం నుంచి వచ్చిన బాతులు ఒక చుట్టు చుట్టి వెళ్ళిపోయాయి. మేటు మనుషులూ, మాస్టారూ, నేనూ తూము నోట్లో మట్టి తవ్వి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈ ఏడు ఉగాది దాటేసరికి అడుగు మళ్ళీ బీటలు తీసింది. ఆరు గూళ్ళు కనిపించాయి. ఆరంటే ఆరే.

కాలువ కట్టేయడానికి వారం ముందు ప్రెసిడెంటు గారు స్వయంగా గట్టు మీదికి వచ్చారు. వెనకాల ఇద్దరు పెద్దలు, ఒకరి చేతిలో నా కోసం బొండాం.

“లస్కరు గారూ, సెలవులకి పిల్లలకి బోటు షికారు పెడదామనుకుంటున్నామండి. ఒక వారం నిండా పెట్టించండి చాలు. ఇదిగో, ముందు తాగండి.”

బొండాం అందుకోలేదు. అందుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. షట్టరు చక్రానికి తగిలించే ఇనప హ్యాండిల్ నా సంచిలో ఉంది. సంచి భుజానికి వేసుకున్నాను.

“కుదరదు,” అన్నాను.

ఆయన మొహం చూశాను. కోపం కాదు, నమ్మలేకపోవడం. “అదేటండీ లస్కరు గారూ, అంత మాట…”

“కుదరదు.”

ఆరోజు నుంచి ఊరంతా అదే మాట. లస్కరు ప్రెసిడెంటు గారి మొహం మీద కాదన్నాడట, కనీసం అండీ అయినా అనలేదట, చేతికిచ్చిన బొండాం ముట్టుకోలేదట. టీ కొట్టు దగ్గరా, గ్రంథాలయంలో పెన్షనర్ల దగ్గరా ఇదే. నన్ను చూసి గొంతు తగ్గించుకుంటున్నారు. తొమ్మిది గుడ్లు నీళ్ళలో తేలిన ఏడు ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒక బొండాం తాగనందుకు ఊరు ఊరంతా బాధపడుతోంది. పైవాళ్ళకు ఫిర్యాదు వెళ్ళిందని, నన్ను వేరే లాకుకు మారుస్తారని కూడా వింటున్నాను. మార్చేసరికి గూళ్ళలో పిట్టపిల్లలు లేచి నడిస్తే చాలు.

నిన్న పొద్దున్న ఈనెలు చూడటానికి దిగాను. ఒక తీతువు నన్ను చూడగానే లేచి, అరుస్తూ, నేరుగా నెత్తి మీదికి దూసుకొచ్చింది. చేయి అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచాను. గట్టెక్కేదాకా తరిమింది. మేటు పైనుంచి చూసి పడీపడీ నవ్వింది.

“అన్నగారూ, అది మిమ్మల్ని మర్చిపోలేదండోయ్!”

మర్చిపోకపోవడమే మంచిది.